త్రసరేణువుల సాక్ష్యం

తెల్లవారి ఎండ కిటికీ చువ్వల నడుమనుంచి చీకటి గదిలోకి ఏటవాలుగా దిగినప్పుడు ఆ వెలుగుబాటలో లెక్కకు మిక్కిలిగా రేణువులు తేలియాడడం ఎరగనివారుండరు. ప్రాచీనులు ఆ రేణువుకు త్రసరేణువని పేరు పెట్టారు. గవాక్షంనుంచి పడే సూర్యకిరణంలో కనబడే ఆ సూక్ష్మధూళియే కొలతలలో మొదటిదని, అట్టివి ఎనిమిది చేరితే ఒక లిక్ష అవుతుందని మనుస్మృతి చెప్పింది. వెండి బంగారాలను తూచే కంసాలికి అంత చిన్న కొలత ఏనాడైనా అక్కరకు వచ్చినదో లేదో గాని, పేరు పెట్టినవారి చూపు మాత్రం గట్టిది. త్రస శబ్దానికి చలించేది అని అర్థం. రేణువు పరిమాణంతో పాటు దాని చలనాన్ని కూడా వారు గమనించారన్నమాట.

ఆ చలనం రేణువు సొంత బలంవల్ల వచ్చినది కాదు. గదిలోని గాలి దానిని మోస్తున్నది. మోసేది కంటికి కనిపించదు; మోయబడేది కనిపిస్తున్నది. గాలి, నీరు, నూనె, రక్తం మొదలయిన పారే పదార్థాలను శాస్త్రపరిభాషలో ప్రవాహులు అంటారు. ఈ ప్రవాహుల లోపలి నడకను కాంతి సాయంతో కొలవడానికి నేటి ప్రయోగశాలలు అవలంబించే పద్ధతి ముప్పాతిక వంతు ఈ కిటికీ దృశ్యంలోనే ఇమిడి ఉన్నది. పారదర్శకమైన పదార్థం, దానితో కూడా సాగిపోయే రేణువు, ఒక పలుచని వెలుగు. ఇమడనిది ఒక్కటే. రేణువు కుడికి పోయినదా ఎడమకు పోయినదా, పైకి లేచినదా క్రిందికి దిగినదా అన్నది కన్ను పసిగడుతుంది. చూచేవాని వైపు వచ్చినదా, అవతలికి పోయినదా అన్నది మాత్రం అంత సులభంగా అంతుపట్టదు. ఆ మూడవ కొలతను చేజిక్కించుకోవడానికి శాస్త్రజ్ఞులకు నూరేళ్లకు పైగా పట్టింది.

రెండు కొలతలతో సరిపెట్టుకుంటే వచ్చే నష్టమేమిటని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు ఒక గాజు గ్లాసులో దొరుకుతుంది. గ్లాసెడు నీటిలో చిటికెడు టీ ఆకు వేసి, ఆకు నాని అడుగుకు దిగిన పిమ్మట చెంచాతో నీటిని గుండ్రంగా త్రిప్పి వదలాలి. పైనుంచి చూచేవానికి నీరు గిరగిర తిరుగుతున్నదని తప్ప మరేమీ తోచదు. గుండ్రంగా తిరిగే వస్తువు అంచుకు నెట్టబడుతుందని పాఠశాలలో నేర్చిన విద్యార్థి, ఆకులన్నీ గ్లాసు గోడకు చేరుతాయని జోస్యం చెబుతాడు. ఆకులు చేరవు. అడుగున నట్టనడుమకు వచ్చి చిన్న కుప్పగా పడతాయి.

ఈ చిక్కును విడదీసి 1926లో చిన్న వ్యాసం వ్రాసినవాడు ఆల్బర్ట్ ఐన్‌స్టయిన్. తిరిగే నీరు అంచుకు ఒత్తుకొనడంవల్ల గోడ దగ్గర పీడనం హెచ్చుగాను, నడుమ తక్కువగాను ఉంటుంది. పై నీటిలో ఈ పీడనానికి, అపకేంద్ర బలానికి తూకం సరిపోతుంది. అడుగు నీరు గ్లాసు అడుగుతో రాపిడి పడి మందగిస్తుంది. అక్కడ అపకేంద్ర బలం తగ్గుతుంది గాని గోడ దగ్గరి పీడనం తగ్గదు. అందుచేత అడుగు నీరు నడుమకు త్రోయబడుతుంది, నడుమ పైకి లేస్తుంది, పైన అంచువైపు పరచుకొంటుంది, గోడ వెంబడి తిరిగి క్రిందికి దిగుతుంది. గిరగిర తిరిగే పెద్ద చలనం చాటున ఇట్టి నిలువు చలనం ఒకటి రహస్యంగా సాగుతూ ఉంటుంది. దాని జాడ పైనుంచి చూచిన బొమ్మలో లేదు. ఆకులను కుప్ప చేసినది మాత్రం అదే.

నదుల వంపులకు కూడా ఐన్‌స్టయిన్ ఈ కారణాన్నే చూపాడు. వంపు తిరిగేచోట వెలుపలి గట్టు కోసుకొనిపోవడం, లోపలి వైపున ఇసుక మేట వేయడం నదీతీరంలో పుట్టి పెరిగినవారందరు చూచేదే. ఆ మేటకు కావలసిన ఇసుకను అడుగున అడ్డంగా ఈడ్చుకొని వచ్చేది ఈ నిలువు చలనం. వంతెన కట్టే ఇంజనీరు నీటి పైభాగాన్ని మాత్రం చూచి స్తంభానికి చోటు నిర్ణయిస్తే, స్తంభం క్రింది ఇసుక ఏ దారిన పోయినదో తెలిసేసరికి ఆలస్యం కావచ్చు.

సుడుల సంగతి ఇంకా చిత్రమైనది. సుడిని దాని ఇరుసు వెంబడి సాగదీస్తే అది సన్నబడుతుంది. సన్నబడినకొద్దీ దాని వడి హెచ్చుతుంది. తిరుగుడు పీటమీద చేతులు చాచి కూర్చున్నవాడు చేతులను దగ్గరకు ముడుచుకోగానే పీట వేగం పెరగడం భౌతికశాస్త్రపు తరగతిలో చూపే ప్రయోగమే. క్రమం తప్పి కలగాపులగంగా సాగే సంక్షోభ ప్రవాహంలో పెద్ద సుడుల శక్తి చిన్న సుడులకు, వానినుండి మరింత చిన్నవానికి చేరడానికి ఈ సాగుదల ముఖ్యకారణాలలో ఒకటి. తిరుగుడు ఒక తలంలో జరుగుతుంటే సాగుదల ఆ తలానికి నిలువుగా జరుగుతుంది. చదునైన బొమ్మ ఒక్కటి ఎంత స్పష్టంగా ఉన్నా ఈ రెండింటిని కలిపి చూపలేదు. ప్రకృతిలోని ప్రవాహాలలో చాలా భాగం సంక్షోభ ప్రవాహాలే కనుక, మూడవ కొలత శాస్త్రజ్ఞుల ముచ్చట కోసం వచ్చినది కాదని తెలుస్తున్నది.

ప్రవాహాన్ని చూడవలెనన్న కోరిక పాతది. ఇటలీ దేశపు చిత్రకారుడు లియొనార్డో డావించి, 16వ శతాబ్ది తొలి సంవత్సరాలలో, మడుగులో పడే జలధార క్రింద లేచే సుడులను గీసిన బొమ్మలు ఇంగ్లండులోని విండ్సర్ కోటలో ఈనాటికి ఉన్నాయి. హృదయంనుంచి బయలుదేరే మహాధమని మొదట్లో, కవాటపు రెక్కల వెనుక, మూడు చిన్న సంచుల వంటి ఉబ్బులు ఉంటాయి. రక్తం ఆ ఉబ్బులలో సుడి తిరిగి, ఆ సుడియే కవాటం మూసుకొనడానికి తోడ్పడుతుందని లియొనార్డో ఊహించాడు. దానిని పరీక్షించడానికి మహాధమని ఆకారంలో గాజు నమూనా చేసి, నీటిలో గడ్డిగింజలు కలిపి పంపి చూడవలెనని తన పుటలలో వ్రాసుకున్నాడు. గాజు, నీరు, గింజలు. నాలుగున్నర శతాబ్దాల తరువాత, 1968లో, ఆక్స్‌ఫర్డులోని బెల్‌హౌస్ దంపతులు నమూనా కవాటంపై చేసిన ప్రయోగాలలో ఆ సుడుల పాత్ర బయటపడింది. చిత్రకారుని కన్ను అంత దూరం చూడగలగడం ఆశ్చర్యమే.

1883లో మాంచెస్టరులో ఆస్బర్న్ రేనాల్డ్స్ అద్దపు గోడల తొట్టిలో గాజు గొట్టాన్ని అమర్చి, దానిగుండా పోయే నీటిలో సన్నని రంగుధారను విడిచాడు. నీరు నెమ్మదిగా పోయినంతసేపు రంగు దారపు పోగువలె తిన్నగా సాగింది. వేగం ఒక హద్దు దాటగానే పోగు చెదరి, గొట్టమంతా రంగు నిండింది. ఇంతవరకు పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అవి తరచు విడిచిపెట్టేది తరువాతి ముచ్చట. ఆ రంగుకలిసిన నీటిని రేనాల్డ్స్ విద్యుత్‌స్ఫులింగపు క్షణికమైన వెలుతురులో చూచాడు. మామూలు వెలుగులో కలగాపులగంగా కనిపించినది ఆ మెరుపులో విడివిడి సుడులుగా కనిపించింది. కంటికి లేని చురుకుతనాన్ని కాంతికి అప్పగించవచ్చునన్న సూత్రం అక్కడ దొరికింది. ఇరవై ఏళ్ల పిమ్మట జర్మనీలో లుడ్విగ్ ప్రాంటల్, చేత్తో త్రిప్పే నీటి కాలువలో అభ్రకంలా తళుకులీనే ఇనుప ఖనిజపు రేకులు కలిపి, అవి గీసిన గీతలను ఛాయాచిత్రాలు తీశాడు. గోడను ఆనుకొని ఉండే పలుచని మందగతి పొరను గురించి అతడు 1904లో హైడెల్‌బర్గ్ గణితశాస్త్రజ్ఞుల సభలో చదివిన పత్రం విమాన శాస్త్రానికి పునాదిరాళ్లలో ఒకటి అయింది.

ఇవన్నీ చూపులే, కొలతలు కావు. సుడి ఉన్నదని చూపడం వేరు, సుడిలో ఫలానా చోట నీటి వేగం సెకనుకు ఇన్ని సెంటీమీటర్లు, ఈ దిక్కుకు అని చెప్పడం వేరు. 1964లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన యే, కమ్మిన్స్ అను ఇద్దరు లేజరు కిరణంతో ఒక బిందువు దగ్గర వేగాన్ని కొలిచే ఉపాయం కనిపెట్టారు. కదిలే రేణువునుంచి చెదరిన కాంతి రంగులో కలిగే అతి స్వల్పమైన మార్పు దానికి ఆధారం. ఉపాయం కచ్చితమైనదే గాని, ఒక్కొక్క బిందువును వేరువేరు క్షణాలలో కొలిస్తే, క్షణక్షణం మారే సుడి రూపం ఎట్లా తెలుస్తుంది? ఊరేగింపును గోడలోని బెజ్జంగుండా చూచినట్లే ఉంటుంది.

కావున మళ్లీ కిటికీ వెలుగుకే వచ్చారు. లేజరు కిరణాన్ని స్తూపాకారపు కటకంతో పరచి, మిల్లీమీటరు మందం మాత్రమే గల వెలుగురేకుగా చేస్తారు. ప్రవాహంలో సూక్ష్మరేణువులు కలిపి, రేకుకు ఎదురుగా కెమేరా నిలుపుతారు. లేజరు వెంటవెంట రెండుసార్లు మెరుస్తుంది. ఒక్కొక్క మెరుపు వ్యవధి సెకనులో పదికోట్లవ వంతుకు మించదు. సెకనుకు 10 మీటర్ల వేగంతో పోయే గాలి ఆ వ్యవధిలో మిల్లీమీటరులో పదివేలవ వంతు మాత్రమే జరుగుతుంది. అంటే బొమ్మలో రేణువు నిలిచిపోయినట్లే ఉంటుంది. రెండు మెరుపుల మధ్య సెకనులో యాభైవేలవ వంతు ఎడమిస్తే అదే రేణువు 0.2 మిల్లీమీటరు కదులుతుంది. కదిలిన దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం వస్తుంది. ఆరవ తరగతి లెక్క.

లెక్క సులభమైనా సాక్షులను ఎన్నుకొనడం సులభం కాదు. రేణువు బరువైతే ప్రవాహం మలుపు తిరిగినప్పుడు అది తిరగక తిన్నగా పోతుంది; అప్పుడు కొలిచినది రేణువు నడకే గాని ప్రవాహం నడక కాదు. గాలిలో సాధారణంగా వాడే నూనెతుంపర మిల్లీమీటరులో వేయవ వంతు ఉంటుంది. నిశ్చలమైన గాలిలో అంతటి తుంపర ఒక మీటరు క్రిందికి దిగడానికి దాదాపు పది గంటలు పడుతుంది. గాలి ఎటు పోతే అటు పోవడం తప్ప దానికి సొంత బుద్ధి లేదని చెప్పవచ్చు. దానిని పది రెట్లు పెద్దది చేస్తే, పడే వేగం నూరు రెట్లు అవుతుంది. నీటికైతే లోపల డొల్లగా ఉండే గాజు గుళికలు వాడతారు. వాని సాంద్రత నీటి సాంద్రతకు దగ్గరగా ఉంటుంది. అన్నీ కలిపి చూస్తే చిన్న రేణువు నిజాయితీగలది గాని మసకగా కనిపిస్తుంది. పెద్దది కాంతిమంతమే గాని అబద్ధమాడుతుంది. ప్రయోగశాలలో ఈ బేరం ఏనాటికీ తెగదు.

రెండవ చిక్కు ఏమంటే, రేణువులన్నీ ఆవగింజలవలె ఒకే తీరున ఉంటాయి. మొదటి బొమ్మలోని ఫలానా చుక్కయే రెండవ బొమ్మలోని ఫలానా చుక్క అని ఎట్లా గుర్తించడం? ఆకాశంలో ఏ ఒక్క నక్షత్రాన్నీ విడిగా గుర్తించలేనివాడు సప్తర్షి మండలాన్ని గుర్తిస్తాడు. అట్లే, బొమ్మను చిన్నచిన్న గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలోని చుక్కల గుంపు మొత్తం ఎంత జరిగితే రెండవ బొమ్మలోని గుంపుతో సరిపోతుందో గణితంతో వెదకుతారు. 1984లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని రోనాల్డ్ ఏడ్రియన్, ఈ రేణుచిత్రాల పద్ధతిని అంతకు మునుపటి లేజరు మచ్చల పద్ధతినుంచి విడదీసి దానికి శాస్త్రీయమైన పునాది వేశాడు. ఆనాడు రెండు మెరుపులూ ఒకే ఫిలిముపై పడేవి. ఏ చుక్క ముందుది, ఏ చుక్క వెనుకది అన్నది ఫిలిము చెప్పలేదు. ప్రవాహం తూర్పుకు పోతున్నదో పడమరకు పోతున్నదో తేలక తికమక పడవలసి వచ్చేది! 1991లో విల్లర్ట్, ఘరీబ్ అనువారు ఫిలిమును విడిచి ఎలక్ట్రానిక్ కెమేరా బొమ్మలను నేరుగా కంప్యూటరుకు అప్పగించినప్పటినుంచి పని వేగం పుంజుకున్నది.

ఇంతవరకు వచ్చినా మూడవ కొలత చిక్కలేదు. కెమేరా ఒంటికన్నుది. దానికి జోడు కన్ను కావాలన్న ఆలోచన సహజంగానే వచ్చింది. 1990 తరువాతి సంవత్సరాలలో రెండు కెమేరాలను వెలుగురేకుకు ఏటవాలుగా చెరొక వైపున నిలిపి, రెండు బొమ్మలలోని తేడాను బట్టి రేణువు ముందువెనుకల చలనాన్ని కూడా లెక్క కట్టారు. కాని ఏటవాలు చూపులో రేకు అంతా ఒకేసారి స్పష్టంగా రాదు. ఒక అంచు తేటగా ఉంటే రెండవ అంచు మసకబారుతుంది. దీనికి విరుగుడు దాదాపు తొంభై ఏళ్లకు పూర్వమే సిద్ధంగా ఉన్నది. ఆకాశంనుంచి తీసిన భూమి ఛాయాచిత్రాల వంకరలను దిద్దడానికి ఆస్ట్రియా సైన్యంలోని కెప్టెన్ థియొడార్ షైంప్ఫ్లూగ్ 1904లో ఒక నియమాన్ని ప్రకటించాడు. వస్తుతలం, కటకతలం, ఫిలిముతలం ఈ మూడూ ఒకే రేఖ దగ్గర కలిసేటట్లు ఫిలిమును వాల్చితే బొమ్మ అంతా తేటగా వస్తుందని దాని సారం. పటాలు గీసేవారికోసం పుట్టిన నియమం సుడులు కొలిచేవారికి ఉపకరించింది.

జోడు కళ్లతో వేగపు మూడు భాగాలూ తెలిశాయి గాని, ఆ ఒక్క రేకులోనే. రేకుకు ఇవతల, అవతల ఏమి జరుగుతున్నదో తెలియదు. ప్రవాహాన్ని రొట్టెముక్కలా కోసి చూచినట్లు కాక, ముద్ద మొత్తాన్ని చూడవలెనంటే వెలుగురేకును వెలుగుదిమ్మెగా మార్చాలి. అట్లా మార్చగానే కష్టాలన్నీ ఒక్కుమ్మడిగా వచ్చి పడ్డాయి. ఒక మిల్లీమీటరులో ఉన్న కాంతి పది మిల్లీమీటర్లకు పరచుకొని పలుచబడింది. ముందున్న రేణువు, వెనుకనున్న రేణువు రెండూ తేటగా రావాలంటే కటకపు రంధ్రాన్ని చిన్నది చేయాలి; ఉన్న కొద్ది కాంతిలో ఇంకా కొంత పోతుంది. కొందరు రేకునే వేగంగా ముందుకు వెనుకకు నడిపి పొరలు పొరలుగా బొమ్మలు తీశారు. నెమ్మదియైన ప్రవాహాలకు అది చాలు. కొందరు 1948లో డెన్నిస్ గేబర్ కనిపెట్టిన హోలోగ్రాఫీని ఆశ్రయించారు; లోతు దొరికింది గాని, లోతు దిక్కున రేణువు బొమ్మ చుక్కగా కాక పుల్లలా సాగింది. ఎన్నో దారులు త్రొక్కారు. పెద్ద మలుపు మాత్రం వైద్యశాల వైపునుంచి వచ్చింది.

వైద్యశాలలో శరీరం చుట్టూ ఎక్స్ కిరణాలు పంపి, లోపలి అంగాన్ని ముక్కముక్కగా గణించి చూపే సి.టి. స్కాను ఈనాడు పల్లెటూళ్లవారికి కూడా తెలిసిన పేరే. దాని వెనుక ఉన్న గణితాన్ని పిల్లల పలకమీద చూపవచ్చు. తొమ్మిది గళ్ల చదరంలో అంకెలు దాచి, అడ్డు వరుసల మొత్తాలు, నిలువు వరుసల మొత్తాలు మాత్రమే చెప్పి, లోపలి అంకెలు కనుక్కోమనడం వంటిదది. మొదట అన్ని గళ్లలో ఒకే అంకె ఊహించాలి, మొత్తం సరిపోని వరుసలో అంకెలను తగు నిష్పత్తిలో హెచ్చించి తగ్గించాలి, మళ్లీ సరిచూడాలి, ఇట్లా పోగా పోగా మొత్తాలకు సరిపడే అంకెలు కుదురుకుంటాయి. 2006లో హాలండులోని డెల్ఫ్ట్ నగరంలో ఎల్సింగా, స్కరానో, వారి సహచరులు ఈ గణితాన్నే రేణువులకు వర్తింపజేశారు. నలుమూలలనుంచి నాలుగు కెమేరాలు. మధ్య వెలుగుదిమ్మెను కోట్లకొలది చిన్న గళ్లుగా ఊహించి, ఏ గడిలో ఎంత వెలుగు ఉంటే నాలుగు బొమ్మలూ సరిపోతాయో గణించారు. ఆ పిమ్మట మునుపటివలెనే గుంపుల జరుగుబాటు.

అయితే పలకమీది లెక్కలోనే ఒక మోసం ఉన్నది. మొత్తాలు సరిపోయినంత మాత్రాన అంకెలు అవే కానక్కరలేదు. కాగితంమీద రెండు చుక్కలు పెట్టి, దూరంగా రెండు కళ్లు గీచి, ప్రతి కంటినుంచి ప్రతి చుక్కకు గీత లాగి పొడిగిస్తే గీతలు నాలుగు చోట్ల కలుసుకుంటాయి. రెండు చోట్ల చుక్కలున్నాయి. మిగిలిన రెండు చోట్ల ఏమీ లేదు. కాని కళ్లకు ఆ నాలుగు చోట్లలో ఏవి నిజమో తెలియదు. చుక్కలు పదియైతే కలయికలు నూరు. అందులో తొంభై మాయ. మూడవ కెమేరా, నాలుగవ కెమేరా చాలా మాయకణాలను పట్టి ఇస్తాయి. రేణువులు ఎక్కువైనకొద్దీ యాదృచ్ఛికంగా నాలుగు చూపులూ కలిసే చోట్లు పెరిగిపోతాయి. అందుచేత పది లక్షల చిత్రబిందువులుగల బొమ్మలో రేణువులు దాదాపు 50,000 మించితే ఈ పద్ధతికి కష్టమని తేలింది. మాయకణాలతో అసలు చిక్కు సంఖ్య కాదు. అవి నిజమైన రేణువుల మధ్యనే ఉండి, వాని సగటు చలనాన్ని అనుకరిస్తూ, ఉన్న తేడాలను చెరిపివేస్తాయి. పదునైన సుడి మొద్దుబారి కనిపిస్తుంది. కొలత తప్పినట్లు తెలియకుండానే తప్పుతుంది. శాస్త్రంలో ఇంతకు మించిన అపాయం లేదు.

స్వయంవర మండపంలో దమయంతికి ఐదుగురు నలులు కనిపించారు. రూపంలో తేడా లేదు. రెప్పపాటు, చెమట, వాడిన పూలదండ, నేలను తాకే పాదాలు, ఇవి ఆమెకు అసలు నలుని పట్టి ఇచ్చాయి. రేణువుల విషయంలో అట్టి ఆనవాలు కాలం రూపంలో దొరికింది. నిజమైన రేణువు నిన్నటి క్షణంలో ఉన్నది, నేటి క్షణంలో ఉన్నది, రేపటి క్షణంలో కూడా ఉంటుంది. దాని దారి నునుపుగా సాగుతుంది. చూపులు యాదృచ్ఛికంగా కలవడంవల్ల పుట్టిన మాయకణం సాధారణంగా కొన్ని క్షణాలలోనే అంతరిస్తుంది. జర్మనీ వైమానికాంతరిక్ష పరిశోధన సంస్థకు చెందిన షాంట్స్, గేజెమాన్, ష్రోడర్ అనువారు గ్యోటింగెన్‌లో ఈ ఆనవాలుమీద ఒక కొత్త పద్ధతిని కట్టి 2016లో ప్రకటించారు. రేణువు గడచిన దారిని బట్టి అది తరువాత ఎక్కడ ఉండవలెనో ముందుగా ఊహిస్తారు. ఆ చోట రేణువు ఉంటే కెమేరాలలో బొమ్మ ఎట్లా ఉంటుందో గణించి అసలు బొమ్మతో పోలుస్తారు. తేడా కనిష్ఠమయ్యేవరకు ఊహించిన చోటును మూడు దిక్కులలోను అటు ఇటు రవంత కదిలిస్తారు. ఈ కుదుపును బట్టే దానికి షేక్ ది బాక్స్, అంటే పెట్టెను కుదుపు, అన్న చిలిపి పేరు వచ్చింది. కుదురుకున్న రేణువులను బొమ్మనుంచి తీసివేస్తే, మిగిలిన కొద్దిపాటి వెలుగులో కొత్త రేణువులను వెదకడం తేలిక. గళ్ల గుంపుల అవసరమే లేకుండా లక్షలకొలది రేణువులను విడివిడిగా వెన్నాడడం ఇట్లా సాధ్యమయింది. దారి తెలిస్తే వేగం తెలుస్తుంది, వేగపు మార్పు తెలుస్తుంది. వానినుంచి ప్రవాహం లోపలి పీడనాన్ని కూడా, ఏ పరికరమూ లోపలికి దూర్చకుండా, గణించవచ్చు.

కెమేరాల చోట్లు తెలియడంలో పిసరంత తప్పు ఉన్నా ఈ గణితమంతా వృథా. అందుకే ప్రయోగానికి ముందు, చుక్కలు గీసిన పలకను కెమేరాలకు చూపి వాని చూపుల దారులను సరిచూస్తారు. నీరు, గాజు కాంతిని వంచడం మరొక తలనొప్పి. నీటిలో ముంచిన కర్ర వంగినట్లు కనిపించడం ఎరిగినదే. వంపులు తిరిగిన ధమని నమూనా గోడలగుండా చూస్తే రేణువులన్నీ ఉన్నచోట కాక వేరొకచోట కనిపిస్తాయి. దీనికి కనిపెట్టిన ఉపాయం ముచ్చటైనది. నమూనాను పారదర్శకమైన సిలికోన్ రబ్బరుతో పోతపోసి, నీటిలో తగుపాళ్లలో గ్లిజరిన్ కలిపి రెండింటి వక్రీభవన గుణకాన్ని 1.41 దగ్గర సమం చేస్తారు. అప్పుడు ఆ ద్రవంలో నమూనా ఉన్నదో లేదో తెలియనంతగా మాయమవుతుంది! బోరోసిలికేట్ గాజుకడ్డీని గ్లిజరిన్‌లో ముంచి పాఠశాలలోనే ఈ మాయను చూపవచ్చు. మెదడు ధమనులలో ఏర్పడే ప్రమాదకరమైన ఉబ్బులలో, కృత్రిమ హృదయ కవాటాల వెనుక, రక్తం ఎట్లా సుడి తిరుగుతుందో ఇట్టి నమూనాలలోనే కొలుస్తున్నారు. లియొనార్డో గడ్డిగింజల స్థానాన్ని వెంట్రుక మందంకన్న చిన్న గుళికలు ఆక్రమించాయి.

ప్రయోగశాల గోడలు దాటి పెద్ద ప్రవాహాలను కొలవాలంటే చిన్న రేణువుల వెలుగు చాలదు. అమెరికాలోని మిన్నెసోటాలో ఒక పెద్ద గాలిమర వెనుకటి గాలిని కొలవడానికి పరిశోధకులు రాత్రివేళ కురిసే మంచునే రేణువులుగా వాడుకొని, సెర్చిలైటు వెలుగురేకులో బొమ్మలు తీసి 2014లో ప్రకటించారు. వాన తప్ప మంచు ఎరగని దేశాలకు ఆ సౌకర్యం లేదు. ఇంటి లోపలి ప్రయోగాలకు హీలియం నింపిన సబ్బు బుడగలు వచ్చాయి. మిల్లీమీటరులో మూడవ వంతుకు లోబడిన ఈ బుడగలో సబ్బునీటి పొర బరువును లోపలి హీలియం తేలికతనం సరిగా తూస్తుంది. కావున బుడగ లేవదు, పడదు. నూనెతుంపరకన్న వేల రెట్లు ఎక్కువ కాంతిని చెదరగొడుతుంది కనుక లేజరుకు బదులు ఎల్‌ఇడి దీపాల వెలుగు చాలును. గది పరిమాణంలోని గాలిని కొలవడం దీనితో సాధ్యమయింది.

ఇంగ్లండులోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు ఈ బుడగల మేఘంగుండా మచ్చికైన పక్షులను ఎగిరించారు. రెండు జాతుల గుడ్లగూబలు, ఒక డేగ. పక్షి రెక్క ఆడించకుండా బుడగల నడుమనుంచి జారిపోతుంది. అది దాటిన పిమ్మట దాని వెనుక గాలి ఎట్లా మెలితిరిగినదో బుడగలు మూడు కొలతలలోను చెబుతాయి. సాధారణంగా విమానపు తోక, నిలకడ కోసం, క్రిందికి ఒత్తే బలాన్ని కలిగిస్తుంది. అది రెక్కలకు అదనపు భారమే. పక్షి తోక కూడా అట్టిదే కావచ్చునని అనుకొనడానికి అవకాశం ఉన్నది. 2020లో వెలువడిన ఆ కొలతలలో, పక్షి వెనుక రెక్కల కొనలనుంచి వచ్చిన సుడులతో పాటు తోకనుంచి వచ్చిన సుడులు కూడా విడిగా కనిపించాయి. అవి తిరిగే దిక్కును బట్టి చూస్తే, నెమ్మదిగా జారేటప్పుడు ఆ పక్షుల తోక శరీరాన్ని క్రిందికి ఒత్తడం లేదు. రెక్కలతో కలిసి పైకి మోస్తున్నది.